పేరు చెప్పి మాట్లాడమన్న రోజు

కామెంటు పెట్టాలంటే ముందు తానెవరో రుజువు చూపించాలన్న వాదన మళ్లీ మొదలైంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపువారిని సామాజిక మాధ్యమాల ఖాతాలకు దూరం పెట్టాక, వయసు రుజువు గురించి మొదలైన చర్చ గుర్తింపు రుజువు వైపు జారుతోంది. పిల్లల సంగతి వేరు, దాన్ని ఇందులో కలపను. పేరు దాచుకున్నవాడే బూతులు రాస్తాడు, పేరు బయటపెడితే నోరు అదుపులో ఉంటుంది అనే మాట మాత్రం పాతదే. దాన్ని ఒకసారి కోట్లమంది మీద ప్రయోగించి చూశారు. ప్రయోగం చేసింది యూట్యూబ్, మొదలుపెట్టిన తేదీ 2013 నవంబరు 6.

యూట్యూబ్ ఎలా పుట్టింది, గూగుల్ దాన్ని ఎంతకు కొన్నది వంటివి అందరూ చదివినవే కాబట్టి నేరుగా ఆ రోజుకు వస్తాను. అప్పటివరకు యూట్యూబ్‌లో ఎవరికి తోచిన పేరుతో వారు మాట్లాడుకునేవారు. ఆ రోజు కామెంటు పెట్టబోయినవారికి గూగుల్ సొంత సామాజిక మాధ్యమం, అసలు పేరుతో చేరమనే గూగుల్ ప్లస్‌లో ఖాతా ఉండాలన్న షరతు ఎదురైంది. కంపెనీ సెప్టెంబరు 24నే ప్రకటించిందన్నది నిజమే. కానీ పాటలు, వంటలు, ఆటలు చూసుకోవడానికి వచ్చేవారు కంపెనీ ప్రకటనలు చదువుతూ కూర్చోరు. వారికి సంబంధించినంతవరకు ఇది రాత్రికి రాత్రి జరిగిన పని.

గొడవ ఇంత దూరం వెళ్లడానికి ఒక కామెంటు కారణం. యూట్యూబ్ స్థాపకుల్లో ఒకరైన జావెద్ కరీం శాన్ డీగో జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి తీయించుకుని 2005 ఏప్రిల్ 23న పెట్టిన వీడియోనే ఆ వేదిక మీదకు వచ్చిన మొట్టమొదటి వీడియో. నిడివి ఇరవై సెకన్లు కూడా లేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆ చానల్ నుంచి మాట లేదు, పలుకు లేదు. కొత్త పద్ధతి వచ్చిన వెంటనే ఆయన మౌనం వీడి, వీడియో కింద కామెంటు పెట్టడానికి నాకు గూగుల్ ప్లస్ ఖాతా ఎందుకని అడిగారు. మధ్యలో ఒక బూతు మాట కూడా ఉంది, ఇక్కడ రాయడం లేదు. ఇల్లు కట్టినవాడినే గుమ్మంలో ఆపి చీటీ అడిగినట్టయింది. పాత పద్ధతి తిరిగి తేవాలన్న విజ్ఞప్తి మీద కొద్ది వారాల్లోనే రెండు లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి.

కంపెనీ చెప్పిన కారణాలు ఇవి: యూట్యూబ్ కామెంట్లు బూతులకు పేరుపడ్డాయి, మీకు తెలిసినవారి మాటలు, అర్థవంతమైన మాటలు ఇకపై ముందు కనిపిస్తాయి, వీడియో పెట్టినవారికి చెత్తను ఏరివేసే సాధనాలు వస్తాయి, కావాలనుకుంటే మారుపేరు కూడా ఉంచుకోవచ్చు. కామెంట్లు కంపు కొట్టేవన్నది ఎవరూ కాదనలేదు.

అయితే తేదీలు చూడండి. అంతకు వారం ముందే, అక్టోబరు 29న, గూగుల్ ప్లస్‌కు నెలకు 54 కోట్లమంది క్రియాశీల వినియోగదారులు ఉన్నారని గూగుల్ చెప్పుకుంది. అందులో గూగుల్ ప్లస్ గోడ మీదకు నిజంగా వచ్చేవారు 30 కోట్లే. మిగిలినవారు గూగుల్‌కు చెందిన ఇతర సేవల్లో ఎక్కడో ఒకచోట ఆ ఖాతాను తాకినవారు. ఫేస్‌బుక్‌కు పోటీగా 2011లో కట్టిన ఊరికి జనం రావడం లేదు, యూట్యూబ్‌లోనేమో జనం కిక్కిరిసి ఉన్నారు. ఈ రెండు సంగతులు పక్కపక్కన పెడితే, కామెంట్ల శుద్ధి అసలు కారణం కాదేమోనన్న అనుమానం రాకపోతేనే వింత.

కంపెనీలు ఇలాంటి సమయంలో ఒక సూత్రాన్ని నమ్ముకుంటాయి: మార్పు అంటే జనానికి గిట్టదు, నాలుగు రోజులు అరిచి సర్దుకుంటారు. రంగు మార్చినప్పుడు, బొత్తాం చోటు మార్చినప్పుడు ఆ సూత్రం పని చేస్తుంది. ఇక్కడ మారింది మనిషి ఉనికి. ఆఫీసు ఉత్తరాలకు వాడే పేరు వేరు, ఆటల వీడియో కింద స్నేహితులతో పోట్లాడే పేరు వేరు. పేరు చూసి ఆడపిల్లని తెలిస్తే చాలు వెంటపడేవారున్న చోట మారుపేరు సరదా కాదు, రక్షణ. కలం పేర్లతో శతాబ్దం గడిపిన తెలుగు పాఠకులకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

తిరుగుబాటు వాదనలతో ఆగలేదు, బొమ్మలతో కూడా సాగింది. గీతలు, చుక్కలు, బ్రాకెట్లతో గీసిన బాబ్ అనే పుల్లల మనిషి పుట్టాడు. పక్కనే అవే గుర్తులతో ఒక యుద్ధ ట్యాంకు. ఈ బాబ్‌ను కాపీ చేసి యూట్యూబ్ అంతా నింపండి అని కింద పిలుపు. వేల వీడియోల కింద బాబ్ సైన్యం దిగింది. నవ్వు తెప్పించే ఈ దృశ్యం వెనక కంపెనీ చేసిన పెద్ద పొరపాటు ఒకటి ఉంది. పాత పద్ధతిలో కామెంటుకు 500 అక్షరాల హద్దు ఉండేది, బయటి లింకులు పెట్టనిచ్చేవారు కాదు. కొత్త పద్ధతిలో ఆ రెండు కట్టడులూ పోయాయి. పైగా జవాబులు ఎక్కువ వచ్చిన కామెంటు పైకి తేలేది, అంటే జనాన్ని రెచ్చగొట్టినవాడికే పెద్దపీట. శుభ్రం చేస్తామని వచ్చి తలుపులు బార్లా తెరిచారన్నమాట. మోసపు లింకులు, ఇతరుల పేరు పెట్టుకున్న నకిలీలు, అక్షరాల బొమ్మలు పెరిగాయని యూట్యూబే ఆ నవంబరు నెలాఖరులోగా ఒప్పుకుంది. 2014 ఆగస్టులో, ప్యూడీపై (PewDiePie) అనే పేరుతో అప్పటికి అందరికంటే పెద్ద చానల్ నడుపుతున్న స్వీడన్ యువకుడు తన వీడియోల కింద కామెంట్లే మూసేశాడు.

ఇక్కడ 2013 నుంచి నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ఈ కథలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది అదే. దక్షిణ కొరియా 2007 జులై నుంచి పెద్ద వెబ్‌సైట్లలో రాసేవారి అసలు గుర్తింపును సరిచూడాలని చట్టం అమలు చేసింది. మొదట రోజుకు మూడు లక్షలమంది చూసే సైట్లకు, 2009లో లక్షమంది చూసేవాటికి. అప్పుడు యూట్యూబ్ పరిధిలోకి వచ్చింది. గూగుల్ ఏం చేసింది? ఎవరి పేరూ అడగబోమని, భావప్రకటన స్వేచ్ఛ ముఖ్యమని చెప్పి, 2009 ఏప్రిల్‌లో కొరియా విభాగంలో వీడియోలు పెట్టడం, కామెంట్లు రాయడం రెండూ నిలిపివేసింది. దేశం పేరు మార్చుకుంటే చాలు, మళ్లీ రాయవచ్చు. కొరియన్లు చక్కగా మార్చుకున్నారు. ఒక ప్రభుత్వం అడిగితే తప్పనుకున్న పనిని, నాలుగేళ్ల తర్వాత అదే కంపెనీ తన అవసరం కోసం తానే తలకెత్తుకుంది.

ఆ చట్టం గతి కూడా 2013 నాటికే తేలిపోయింది. గుర్తింపు నంబర్లు ఒకచోట పోగుపడితే దొంగల కన్ను పడకుండా ఉండదు. 2011 జులైలో నేట్, సైవరల్డ్ సైట్ల నుంచి మూడున్నర కోట్లమంది వివరాలు పోయాయి. ఆ దేశ జనాభా సుమారు ఐదు కోట్లు. 2012 ఆగస్టు 23న రాజ్యాంగ న్యాయస్థానం చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. అక్రమ రాతలు చెప్పుకోదగినంత తగ్గిన దాఖలా లేదని, రాసేవారు విదేశీ సైట్లకు తరలిపోయారని పేర్కొంది. గూగుల్‌కు ఈ తీర్పు తెలియదని ఎవరనగలరు?

వెనక్కి తగ్గడం మెల్లగా జరిగింది. 2014 జులైలో గూగుల్ ప్లస్‌లో అసలు పేరు నిబంధనను ఎత్తేసి, ఇబ్బందిపడినవారికి గూగుల్ క్షమాపణ చెప్పింది. 2015 జులైలో, యూట్యూబ్‌లో కామెంటుకు గూగుల్ ప్లస్ అక్కర్లేదని ప్రకటించింది. గూగుల్ ప్లస్ అనే ఆ ఊరు 2019 ఏప్రిల్ 2న మూతపడింది. మూసే ముందు చెప్పిన లెక్క ఒకటి గుర్తుంచుకోదగ్గది: అక్కడ నూటికి తొంభై సందర్శనలు ఐదు సెకన్లయినా దాటలేదట.

2021 నవంబరులో యూట్యూబ్ ఒక వీడియో నచ్చలేదన్నవారి (డిస్‌లైకుల) సంఖ్యను దాచినప్పుడు కూడా ఇదే వరుస. చిన్న చానళ్లను మూకుమ్మడి దాడుల నుంచి కాపాడటానికని కంపెనీ చెప్పింది. జావెద్ కరీం తన మొదటి వీడియో కింది వివరణను నిరసనగా తిరగరాశారు. ఈసారి కంపెనీ వెనక్కి తగ్గలేదు. 2022 అక్టోబరులో మాత్రం ప్రతి ఖాతాకూ ఒక ప్రత్యేక హ్యాండిల్, అంటే @ గుర్తుతో మొదలయ్యే పేరు, ప్రవేశపెట్టింది. ఇప్పుడు కామెంటు పక్కన కనిపించేది అదే. ఎవరికి తోచిన పేరు వారు పెట్టుకోవచ్చు, ఇంకొకరు తీసుకోకుంటే చాలు.

మన దేశంలో 2021 ఫిబ్రవరి నాటి ఐటీ నియమాలు పెద్ద వేదికలకు ఒక బాధ్యత పెట్టాయి. వినియోగదారు కోరుకుంటే ఫోను నంబరు వంటి వాటితో ఖాతాను ధ్రువీకరించుకునే వీలు ఇవ్వాలి, అలా చేసుకున్నవారికి కనిపించే గుర్తు ఒకటి ఇవ్వాలి. నియమంలో స్వచ్ఛందంగా అనే మాట ఉంది. గుర్తింపును అందరికీ తప్పనిసరి చేయాలంటున్నవారు అడుగుతున్నది ఆ ఒక్క మాట తీసేయమనే.