కాళ్ల వంకర, కిడ్నీ రాళ్లు: ఒకే ఇంటి జబ్బు

పల్నాడు నుంచో ప్రకాశం నుంచో దొడ్డికాళ్ల పిల్లల్ని గుంటూరు కొత్తపేట ఆసుపత్రులకి తీసుకొస్తే, ఎవరైనా మొదట అనేమాట 'నీళ్ల వల్లే'. ఆ మాటకి పాత ఆధారమే ఉంది. 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బును) తొలిసారి నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కిడ్నీలో రాళ్లకీ బోరు నీళ్లనే తిడతాం. చాలామంది విషయంలో నీళ్ల తప్పు ఉండొచ్చు. కానీ ఒకే ఇంట్లో ఒకరికి కాళ్లు వంగి, ఇంకొకరికి మాటిమాటికీ రాళ్లొస్తుంటే, ఆ రెంటినీ కలిపి చూసేవాళ్లు తక్కువ. ఎముకల డాక్టరు ఒకచోట, రాళ్ల డాక్టరు ఇంకోచోట.

అదే 1937లో అమెరికాలో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే డాక్టరు, మామూలు విటమిన్ డి మోతాదుకు లొంగని రికెట్స్ (పిల్లల ఎముకలు మెత్తబడి వంగే జబ్బు) గురించి రాశారు. ఎముకను గట్టిపరిచే ఖనిజం ఫాస్ఫేట్. కిడ్నీలు దాన్ని నిలుపుకోలేక మూత్రంలో వదిలేస్తే, ఎంత మంచి తిండి పెట్టినా ఎముక గట్టిపడదు. ఇలాంటి వంశపారంపర్య జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఎక్స్ క్రోమోజోము ద్వారా వచ్చే రకం. దాని జన్యువు 1995లో దొరికింది.

రాళ్ల సంగతి తేలింది మరో రకంలో. 1985లో టీడర్ అనే డాక్టరు బృందం, దగ్గరి బంధువుల్లోనే పెళ్లిళ్లు చేసుకునే ఒక బెడూయిన్ (ఎడారి అరబ్బు) తెగలో దాన్ని గుర్తించింది. ఒంట్లో ఫాస్ఫేట్ తగ్గేసరికి చురుకైన విటమిన్ డి (ఒంట్లో పనిచేసే రూపం) ఎక్కువగా తయారవుతుంది, పేగు అదనంగా కాల్షియం లాగుతుంది, అది మూత్రంలోకి చేరుతుంది. కాళ్లు చక్కగా ఉన్న బంధువుల్లో కూడా మూత్రంలో కాల్షియం ఎక్కువే ఉందని 1987లో తేలింది. జన్యువు పేరు 2006లో బయటపడింది: ఎస్‌ఎల్‌సీ34ఏ3. లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే రికెట్స్. ఒక్కరి నుంచే వస్తే మనిషి ఆరోగ్యంగానే తిరుగుతాడు, రాళ్ల ముప్పు మాత్రం మిగతావాళ్ల కంటే ఎక్కువ.

మేనరికాలు మామూలైన మన వైపు ఇది పట్టించుకోవలసిన విషయం. ఇందులో తల్లిని దెప్పడానికేమీ లేదు, ఈ రకం రికెట్స్ రావాలంటే లోపం ఇద్దరి వైపు నుంచీ రావాలి.

రక్తపరీక్ష దగ్గరా ఒక చిక్కుంది. పెద్దవాళ్లకు డెసిలీటరు రక్తంలో ఫాస్ఫేట్ సుమారు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు ఉంటే సరిపోతుంది. నాలుగేళ్ల పిల్లకి దాదాపు 4, ఆ పైన ఉండాలి. రిపోర్టు మీద పెద్దల కొలతే ముద్రించి ఉంటే 2.8 నార్మల్ అని కనిపిస్తుంది, ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంటారు. వయసుకు తగిన కొలతేదో అడగండి. మూత్రంలో కాల్షియం, ఫాస్ఫేట్ కూడా చూడమనండి. ఇంట్లో ఎవరెవరికి రాళ్లొచ్చాయో చెప్పండి.

ఏ రకమో తేలితే మందే మారిపోతుంది. ఎక్స్ క్రోమోజోము రకానికి ఫాస్ఫేట్‌తో పాటు చురుకైన విటమిన్ డి ఇస్తారు. రాళ్లతో ముడిపడిన రకంలో ఫాస్ఫేట్ ఒక్కటే, రోజుకి కొన్ని విడతలుగా. అందులో చురుకైన విటమిన్ డి కలిపితే మూత్రంలో కాల్షియం ఇంకా పెరిగి, ఆ పిల్లకే రాళ్లు కట్టే ప్రమాదం ఉంది.