తూటా అడుగు చూడండి

హనుమకొండ

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

షాట్‌గన్ మొరాయిస్తే అందరి చూపూ తుపాకి మీదికే పోతుంది. మీరు ముందు పేలని తూటా అడుగు చూడండి. నడుమనున్న ప్రైమర్ (తుపాకిమందును అంటించే చిన్న మూత) మీద గుంట లోతుగా పడీ పేలలేదంటే తప్పు చాలావరకు తూటాదే. పైపైన పడిందంటే ప్రైమర్‌ను కొట్టే పిన్నునో, దాన్ని తోసే స్ప్రింగునో అనుమానించాలి. ప్రైమర్ మరీ లోపలికి దిగి ఉన్నా అలాగే అవుతుంది. అయితే వెంటనే తెరవొద్దు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. గొట్టం మూతిని గురి వైపే ఉంచి పూర్తిగా ఒక నిమిషం ఆగండి. ఏం చేసినా కోచ్ పక్కనుండగానే చేయండి.

పేలిన డొల్ల బయటికి రాకపోవడం ఇంకో తంటా. మంచి తూటా అడుగు ఇత్తడి. పేలినప్పుడు ఉబ్బినా, ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకొని సులువుగా జారి వస్తుంది. చవక రకాల్లో చాలావాటికి ఇత్తడి పూత పూసిన ఉక్కు వాడతారు. అది అంతగా ముడుచుకోదు, ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, బిగుసుకుంటుంది. అయస్కాంతం పెడితే గుట్టు తెలిసిపోతుంది. తనంతట తానే తర్వాతి తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌లో, ఛాంబర్‌ను మూసి ఉంచే బోల్టు తూటా బలంతోనే వెనక్కి నడవాలి. 32 గ్రాముల గుండ్లతో చక్కగా నడిచే తుపాకి, ఎగిరే మట్టి పళ్ళేలను కొట్టే ట్రాప్ పోటీల 24 గ్రాముల తూటాతో సగంలో ఆగిపోవచ్చు. అది తూటా లోపం కాదు, జోడీ కుదరకపోవడం.

పాత డబుల్ బ్యారెల్ అయితే ఛాంబర్ పొడవు ఎంతో చదవండి. తూటా మీద 70 మిల్లీమీటర్లని రాసేది మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. మడిచి ఉంటుంది గనుక 65 ఛాంబర్‌లోనూ హాయిగా దూరుతుంది. కానీ పేలేటప్పుడు మడత విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

అన్నిటికన్నా నాకు భయం తుస్సుమన్న తూటా. చెమ్మ పట్టి మందు సరిగా కాలకపోతే, మందుకూ గుండ్లకూ మధ్య ఉండే వ్యాడ్ గొట్టంలోనే ఇరుక్కోవచ్చు. దాని వెనక ఇంకొకటి పేలిస్తే గొట్టం చీలుతుంది, మీ చెయ్యి ఉండేది అక్కడే. చప్పుడు తగ్గినా, భుజానికి దెబ్బ తేలికగా తగిలినా ఆగండి. ఖాళీ చేసి, వెనకవైపు నుంచి గొట్టంలోకి చూడండి, అవతలి వెలుతురు నిండుగా కనిపించాలి. 20 బోర్ తూటాలకు పసుపు రంగు ఇచ్చింది కూడా ఇలాంటి ప్రమాదం తప్పించడానికే: అది 12 బోర్ తూటాకన్నా సన్నం, 12 బోర్ తుపాకిలో పెడితే ముందుకు జారి ఇరుక్కుంటుంది, ఛాంబర్ మాత్రం ఖాళీగానే కనిపిస్తుంది. రెండూ ఒకే జేబులో వేయకండి.

మన ఓరుగల్లు వానలకు కాగితపు తూటాలు ఉబ్బి ఛాంబర్‌లోకి దిగవు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, తాళం పెట్టి దాచండి. మే ఎండలో కారులో వదలకండి. తూటాకు నూనె అంటనీయొద్దు, ప్రైమర్ సందులోంచి లోపలికి ఇంకుతుంది.

మీ తాత