లంకెబిందెలు దొరికాయా తాతయ్యా?

చిరంజీవులు శ్రావణి, కార్తీక్‌లకు,

తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మీరు అగ్గిపెట్టెలో పెట్టి పంపిన కుండపెంకు అందింది. దాంతోపాటు చీటీ మీద రెండు ప్రశ్నలు: ఇది ఎన్నేళ్ళ నాటిది, నువ్వు తవ్వినప్పుడు లంకెబిందెలు దొరికాయా అని. రెండోదానికి ముందు చెబుతాను. పురావస్తు శాఖలో నా 30 ఏళ్ళ ఉద్యోగంలో ఎక్కువమంది అడిగింది అదే. దొరకలేదర్రా, ఒక్క బిందె కూడా. మేం టెంటు వేసిన ప్రతి ఊళ్ళోనూ పొద్దుగూకే వేళకు ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి, బీడీ ముట్టించి, "నిజం చెప్పు బాబూ, రాత్రిళ్ళు లారీలో దాటించేస్తున్నారటగా" అనేవాడు. మేం దాటించినవి పెంకుల గోతాలు!

ఒక ఊరు వందల ఏళ్ళు ఒకేచోట ఉంటే మట్టిగోడలు కూలి, వాటిమీదే కొత్త గోడలు లేచి, బూడిదా పేడా పెంకులూ పడి నేల ఎత్తు పెరుగుతుంది. జనం ఊరొదిలి పోయాక మిగిలేదే పాటిదిబ్బ. పాటిమన్ను మంచి ఎరువని రైతులు బళ్ళకెత్తి చేలకు తోలుకుంటారు. అది చూస్తే మాకు గుండె గుభేలుమనేది. అలాగని రైతునేమంటాం? పంట పండాలి కదా.

దిబ్బ మీద తాడు కట్టి చదరాలు గీస్తాం. గుంతకీ గుంతకీ మధ్య కొంత మట్టి గట్టులా వదిలేస్తాం. చూసేవాళ్ళకు బద్ధకించి వదిలేశారనిపిస్తుంది గానీ, మా పనికి ప్రాణం ఆ గట్టే. గుంత లోతయ్యేకొద్దీ దాని పక్కన పొరలు తేలతాయి. పైన దున్నిన నల్లమన్ను, కింద జానెడు బూడిద, ఆ కింద గట్టిగా దిమ్మిస చేసిన ఇంటి నేల. పై మట్టి పోయాక గునపం పక్కనపెట్టి చేతిపలుగు, తాపీ, కుంచె అందుకుంటాం. తీసిన మన్నంతా జల్లెడ పడతాం. ఏ పొర పెంకులు ఆ పొర సంచిలోనే వెయ్యాలి. సంచిలో చీటీ ఉండాలి: ఊరు, గుంత నంబరు, పొర, లోతు, తేదీ. రాత్రి లాంతరు ముందు కూర్చుని అవన్నీ పుస్తకంలోకి ఎక్కించాలి, పొరల బొమ్మ గీయాలి. ఎండలో తవ్వేది మూడు నెలలైతే, నీడలో కూర్చుని పెంకులు లెక్కపెట్టి రిపోర్టు రాసేది మూడేళ్ళు. మా పనిలో సగం గుమస్తాగిరీయే.

చేరిన కొత్తలో నాకు ఇదంతా చాదస్తం అనిపించేది. ఒకరోజు బఠాణీ గింజంత ఎర్ర పూస కనబడింది. పట్టరాని సంతోషంతో గబుక్కున తీసి, మా పెద్దాఫీసరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన పూస వంక చూడనేలేదు. "ఏ పొరలోది?" అన్నారు. నేను నీళ్ళు నమిలాను. వెనక్కి వెళ్ళి చూస్తే అప్పటికే కూలీలు అక్కడ మరో మూడంగుళాలు దిగేశారు. శాతవాహనుల నాటి పూసా, వాళ్ళకు ముందుదా? ఇక ఎవరూ చెప్పలేరు. "పొర తెలియదు" అని ఆ చీటీ నాచేతే రాయించారు. తిట్టినా బాగుండేది.

తవ్విన చోటు మళ్ళీ తవ్వడానికి ఉండదు, అదీ తిరకాసు. పాత పాలమూరు జిల్లాలో ఉట్నూరని ఒక ఊరుంది (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు). అక్కడ పెద్ద బూడిదదిబ్బ. ఇలాంటి దిబ్బలు రాక్షసుల బూడిదని జనం చెప్పుకుంటారు. హంపీ దగ్గరి దిబ్బనైతే వాలిని దహనం చేసిన చోటు అంటారు. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఉట్నూరు దిబ్బను తవ్వి, అది పశువుల దొడ్లలో పేరుకుని కాలిన పేడ అని తేల్చారు. 4000 ఏళ్ళకు పైబడిన మాట. దొడ్డి చుట్టూ పాతిన మొద్దుల గుంతలు కనిపించాయి. ఆ బూడిదలో ఆవుల గిట్టల గుర్తులు కూడా ఉన్నాయి! ఎడాపెడా గునపం వేసి ఉంటే అవి మొదటి పూటే మాయమయ్యేవి.

అమరావతికి ఆ అదృష్టం పట్టలేదు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వెళ్ళేసరికే అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బను తవ్వి రాళ్ళూ ఇటుకలూ తరలిస్తున్నారు. చెక్కిన సున్నపురాతి పలకలను సున్నానికి కాల్చారు. 1816లో ఆయన మళ్ళీ వెళ్ళి మనుషుల్ని పెట్టి బొమ్మలు గీయించారు. వాటిలో కొన్ని రాళ్ళు ఇవాళ ఎక్కడా లేవు, ఆ గీతలే ఉన్నాయి. నాగార్జునకొండ దగ్గర మాత్రం ముందే మేలుకున్నారు. డ్యాము నీళ్ళు రాకముందే, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను తరలించి కొండమీదా, జలాశయం ఒడ్డున ఉన్న అనుపులోనూ మళ్ళీ కట్టారు.

లంకెబిందెల పిచ్చితో నంది విగ్రహాల కింద తవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు తెలియదేమో, 1878 నాటి చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పి తీరాలి.

ఇక మీ పెంకు. బయట ఎరుపు, లోపలా అంచునా నలుపు. కుండను బోర్లించి కాలిస్తే గాలి తగలని లోపలి భాగం నల్లబడుతుందని మా వాళ్ళు చెబుతారు. ఇలాంటివి పెద్ద బండరాళ్ళు పేర్చిన ఇనుపయుగం సమాధుల్లో దొరుకుతాయి, శాతవాహనుల నాటి ఊళ్ళలోనూ దొరుకుతాయి. అంటే మధ్యలో కొన్ని వందల ఏళ్ళ తేడా. ఇంతకన్నా చెప్పాలంటే మీరే సాయం చెయ్యాలి. మీ చీటీలో అది ఎక్కడ ఏరారో లేదు. ఏ చేను, ఏ మూల, దుక్కిలో పైకి వచ్చిందా, వాగు కోసిన గట్టులో ఉందా? చుట్టుపక్కల ఇంకా ఉన్నాయా? ఉంటే ముట్టుకోకండి. శ్రావణి బొమ్మ గియ్యి, కార్తీక్ అడుగులు కొలిచి రాయి. పెంకు నా దగ్గర భద్రంగా ఉంది, చీటీ మాత్రం ఖాళీగా ఉంది.

ఇట్లు,
మీ తాతయ్య