మనోవర్తి భూమి: 1977 నాటి చిక్కుముడి

భర్త పోయిన స్త్రీకి భూమి ఇస్తూ ‘బతికినంతకాలం అనుభవించవచ్చు, అమ్మకూడదు’ అని వీలునామాలోనో రాజీపత్రంలోనో రాస్తే ఆ షరతు వితంతువును కట్టిపడేస్తుందా? 2024 డిసెంబరు 9న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించడంతో పాత తగాదా మళ్లీ రాజుకుంది.

వీరేశలింగం గారి కృషి, 1881 నాటి రాజమండ్రి పెళ్లి తెలియనివారు లేరు. గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం నలుగురి కంటా పడతాయి. పెద్దకర్మ లోపే కాగితాల మీద పడే వేలిముద్ర ఎవరి కంటా పడదు. అసలు కథ అక్కడే ఉంది.

నెల్లూరులో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లిన తులసమ్మ కేసే చూడండి. ఆమె భర్త 1931లో ఉమ్మడి కుటుంబంలోనే పోయాడు. అప్పటి మితాక్షర న్యాయం (పాత హిందూ వారసత్వ పద్ధతి) ప్రకారం ఆయన వాటా సవతి సోదరుడికి చేరింది, ఆమెకు మిగిలింది మనోవర్తి, అంటే పోషణ ఖర్చు. దానికోసం 1944లో దావా వేస్తే 1949లో రాజీ కుదిరింది: కొంత ఆస్తి ఇస్తారు, అమ్మే హక్కు ఉండదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. దాని సెక్షన్ 14(1) ప్రకారం స్త్రీ స్వాధీనంలోని ఆస్తికి ఆమే పూర్తి యజమాని. కోర్టు డిక్రీలో, వీలునామాలో, దానపత్రంలో షరతు పెట్టి కొత్తగా ఇచ్చిన ఆస్తికి మాత్రం 14(2) మినహాయింపు, అక్కడ షరతు నిలుస్తుంది. 1961లో ఆమె కొంత భూమి అమ్మగానే సవతి మరిది కోర్టుకెక్కాడు. మున్సిఫ్ కోర్టులో ఆయన గెలిచాడు, జిల్లా కోర్టులో ఆమె, హైకోర్టులో మళ్లీ ఆయన. 1977లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తేల్చింది. మనోవర్తి ఎవరి దయాధర్మమూ కాదు, ముందునుంచీ ఉన్న హక్కు. రాజీ దాన్ని ఒప్పుకుందంతే, కాబట్టి 14(1) వర్తిస్తుంది.

రాసి ఇచ్చినవారి మాటకు విలువ లేదా అన్నది అవతలి వాదన. కొన్ని తీర్పులు అటు మొగ్గాయి, 2024 నివేదనకు దారితీసిన చిక్కు అక్కడే వచ్చింది.

ఇప్పుడు దస్తావేజు రాయించేవారు కొందరు ‘మనోవర్తి నిమిత్తం’ అన్న మాటే రానివ్వరు, పాత హక్కు కాదు కొత్త కానుక అనిపించేలా ‘ప్రేమతో ఇస్తున్నాము’ అని రాయిస్తారు. భర్త 8 ఎకరాల స్వార్జితం వదిలి వీలునామా లేకుండా పోతే భార్య, ఇద్దరు కొడుకులు, తల్లి తలా 2 ఎకరాలకు పూర్తి హక్కుదారులు. మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆ వాటా పోదు. కానీ అదే 2 ఎకరాలను ‘బతికినంతకాలం అనుభవించడానికి’ అని రాసి, మిగతా ఆస్తిలో హక్కు వదులుకుంటున్నట్టు విడుదల పత్రం మీద సంతకం తీసుకుంటారు. అలాంటి షరతు చెల్లదని తేల్చుకోవడానికి తులసమ్మకు 16 ఏళ్లు పట్టింది.