జైలుకు ఉత్తరాలు, పుస్తకాలు: ములాఖత్ గేటు దగ్గర నేను రోజూ వినే అపోహలు

ఉచిత న్యాయ సహాయం ప్యానెల్ వకీలుగా పదకొండేళ్లుగా జైళ్లకు వెళ్తున్నాను. గేటు బయట ఎండలో నిలబడ్డ కుటుంబాలు బెయిలు సంగతి అడిగాక ఎక్కువగా అడిగేది ఒకటే. "ఉత్తరం రాసినా లోపల ఇవ్వరట కదా మేడమ్?"

ఆ "అట" పట్టుకుని చాలామంది రాయడమే మానేస్తున్నారు. మన దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. ఫోన్ సదుపాయం ఉన్నచోట కూడా ఆ కాసేపు వకీలు, వాయిదా, డబ్బు మాటలకే సరిపోతుంది. ఇంటి సంగతులు తెలియాలంటే ఉత్తరం ఉండాల్సిందే.

అపోహ: లోపలికి వెళ్లాక ఉత్తరాలు, పుస్తకాలు అధికారుల దయ మీదే.

దయ కాదు, హక్కు. ప్రభాకర్ పాండురంగ సంజ్‌గిరి అనే డిటెన్యూ (విచారణ లేకుండా ముందస్తు నిర్బంధంలో ఉంచిన వ్యక్తి) బొంబాయి జైల్లో ఉండగా అణువుల గురించి మరాఠీలో ఒక సైన్స్ పుస్తకం రాశారు. అచ్చు కోసం దాన్ని బయటికి పంపనివ్వకపోతే కోర్టుకెళ్లారు. నిర్బంధ షరతుల్లో లేని ఆంక్షలు పెట్టడం కుదరదని 1965లో సుప్రీంకోర్టు తేల్చింది. తీహార్ జైలు నుంచి సునీల్ బాత్రా మరో ఖైదీపై జరిగిన హింస గురించి జడ్జికి ఉత్తరం రాస్తే, కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. ఖైదీకి వచ్చే ఉత్తరాలకు పరిమితి ఉండకూడదని కేంద్రం తయారుచేసిన 2016 నమూనా జైలు మాన్యువల్ చెబుతోంది. జైళ్లు రాష్ట్రాల పరిధిలోవి కాబట్టి పద్ధతుల్లో తేడాలుంటాయి. మీరు పంపబోయే జైలు పద్ధతేమిటో ముందు కనుక్కోండి.

అపోహ: మన ఉత్తరం ఎవరు చదువుతారులే.

చదువుతారు. తెరిచి, చదివి, ముద్ర వేశాకే లోపలికి ఇస్తారు. అందుకే కేసు గురించి, సాక్షుల గురించి ఒక్క ముక్క కూడా రాయకండి. అవి వకీలుతో ముఖాముఖి మాట్లాడుకోవాల్సినవి. "పెద్దాయన ఆ పని చూసుకుంటానన్నాడు" లాంటి గుట్టు మాటలు ఇంకా ప్రమాదం. మీ మనసులో అది అప్పు సంగతే కావచ్చు, చదివే అధికారికి మాత్రం అనుమానం వస్తుంది. పేర్లు పెట్టి విడమరిచి రాయండి.

అపోహ: పేరు, జైలు పేరు ఉంటే చాలు.

నా బల్ల సొరుగులో ఒక ఇన్‌లాండ్ లెటర్ ఉంది. మడతల దగ్గర నీలం రంగు వెలిసి తెల్లబడింది, మీద రెండు గుండ్రటి పోస్టు ముద్రలు. ఒక చెల్లెలు అన్నకు రాసింది. చిరునామాలో "వెంకటేశ్, సెంట్రల్ జైలు" అని మాత్రమే ఉంది. అక్కడ అదే పేరుతో ఎంతమంది ఉంటారు? "వివరాలు చాలవు" అని ఎర్ర ఇంకుతో రాసి తిప్పి పంపారు. అన్న మాత్రం చెల్లెలు మర్చిపోయిందనుకున్నాడు. నాకు ఇప్పటికీ బాధనిపించే ఉత్తరం అది.

ఇంటిపేరుతో పూర్తి పేరు, తండ్రి పేరు, ఖైదీ నంబర్ (విచారణలో ఉంటే నంబర్ ముందు యూటీ అని, శిక్ష పడితే సీటీ అని ఉంటుంది), సూపరింటెండెంట్ ద్వారా అన్న మాట, జైలు, పిన్‌కోడ్. ఇవన్నీ ఉండాలి. వెనక మీ చిరునామా కూడా రాయండి. నంబర్ తెలియకపోతే ములాఖత్ కౌంటర్లో చెబుతారు.

అపోహ: పుస్తకాలు కంపెనీ నుంచి నేరుగా రావాలి, ఇంటి నుంచి పంపితే తీసుకోరు.

ఇది అమెరికాలో ఉన్న మన బంధువుల ద్వారా వచ్చింది. అక్కడి చాలా జైళ్లలో ప్రచురణకర్త నుంచో, షాపు నుంచో వస్తేనే తీసుకుంటారు. ఇక్కడ మా క్లయింట్ల ఇళ్ల నుంచి పంపిన పుస్తకాలు లోపలికి వెళ్లడం నేను ఎన్నోసార్లు చూశాను. అయితే తనిఖీ చేసేవాళ్ల స్థానంలో ఉండి ఒకసారి ఆలోచించండి. గట్టి అట్ట కనిపిస్తే లోపల ఏముందోనని చీల్చి చూస్తారు, కాబట్టి మెత్తటి అట్టవే కొనండి. స్పైరల్ తీగలు వద్దు. పేజీల మధ్య నోటు, ఫొటో, చీటీ పెట్టొద్దు. పెన్సిల్‌తో గీతలు గీసిన పాత పుస్తకం కూడా వద్దు, అదేదో సంకేతమనుకుంటారు. ఒకేసారి పది కాకుండా రెండో మూడో పంపండి. పేర్ల జాబితాతో సూపరింటెండెంట్‌కు ముందే ఒక అర్జీ పెడితే సగం టెన్షన్ తగ్గుతుంది.

లోపల నన్ను ఎక్కువగా అడిగేవి నిఘంటువు, పెద్ద అక్షరాల కథల పుస్తకాలు, ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు, తెలుగులో చట్టం పుస్తకాలు. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపడానికి తపాలా శాఖ 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అనే సర్వీసు నడుపుతోంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది. రిజిస్టర్ పోస్టు మాత్రం అదే ఏడాది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.

పుస్తకం ఆపితే కారణం రాతపూర్వకంగా అడగండి. మహారాష్ట్రలోని తలోజా జైల్లో ఒక ఖైదీకి వచ్చిన హాస్య రచయిత పుస్తకాన్ని భద్రత పేరు చెప్పి ఆపితే 2022లో బొంబాయి హైకోర్టు తప్పుబట్టింది. న్యాయ సేవాధికార సంస్థ నంబర్ 15100. కస్టడీలో ఉన్నవారికి ఉచిత వకీలు చట్టం ఇచ్చిన హక్కు.

అపోహ: తెలిసిన వార్డర్ చేతికి చీటీ ఇస్తే తొందరగా చేరుతుంది.

దయచేసి ఆ పని చేయకండి. 1894 జైళ్ల చట్టం 42వ సెక్షన్ కింద అది నేరం. ఇచ్చినవాళ్లూ ఇరుక్కుంటారు, లోపలివాళ్ల ములాఖత్‌కూ ఎసరొస్తుంది.

అపోహ: జవాబు రాలేదంటే కోపంగా ఉన్నాడనే.

వేరే జైలుకు మార్చి ఉండొచ్చు. రాయడం రాకపోవచ్చు, అడిగి రాయించుకోవడానికి మొహమాటం కావచ్చు. నేనైతే ఇంటి చిరునామా రాసిన ఖాళీ ఇన్‌లాండ్ లెటర్ ఒకటి జత చేయిస్తాను, చాలాసార్లు అదే జవాబుగా తిరిగొచ్చింది.

పోయినేడాది ఒక తల్లి "నాకు రాయడం రాదమ్మా, ఏం పంపను" అంది. నువ్వు చెప్పు, నేను రాస్తానన్నాను. కేసు సంగతి ఎత్తలేదు. గేదె ఈనింది, పెయ్య పుట్టింది, నుదుట తెల్ల మచ్చ ఉంది, పేరు నువ్వే పెట్టాలి అని చెప్పింది. అర్ధరూపాయి కార్డు మీద అంతే రాశాను. మూడు వారాలకు జవాబొచ్చింది. రాసిచ్చింది పక్క బ్యారక్ కుర్రాడట. మొదటి వాక్యంలోనే పెయ్య పేరుంది.