డోలీ మోతల వేళ మళ్లీ పురిటి కిట్ పేచీ

వానలు పడ్డప్పుడల్లా అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ ఊళ్ల నుంచి గర్భిణుల డోలీ మోతల వార్తలొస్తాయి. వాటితోపాటే పాత వాదన: రోడ్డు లేని ఊళ్లో ఆశా కార్యకర్త చేతికి పురిటి కిట్, అంటే ఇంటి కాన్పు శుభ్రంగా చేసే సామాన్ల ప్యాకెట్, ఇవ్వాలా, వద్దా?

మంత్రసానుల శిక్షణ, ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సూదులు తెలిసిన కథే. పేచీకి మూలం 2005 ఏప్రిల్. ఆ నెల మొదలైన జననీ సురక్షా యోజనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని పేద తల్లికి ఆసుపత్రి కాన్పుకు రూ.700, ఇంటి కాన్పుకు రూ.500. అప్పుడే వచ్చిన ఆర్‌సీహెచ్ (కేంద్రం తల్లీబిడ్డల ఆరోగ్య కార్యక్రమం) రెండో దశ మంత్రసానులను వదిలి నర్సులు, ఏఎన్‌ఎంల శిక్షణకు మళ్లింది. కిట్ వాడే చేతులకు శిక్షణ పోయాక కిట్ నిలవలేదు. అంతకు రెండేళ్ల ముందే, ఇంటి కాన్పులు ఇంకా విరివిగా ఉన్న రోజుల్లోనే, పసికందుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన తొలి రాష్ట్రం మనది. 2017లో తెలంగాణ తెచ్చిన కేసీఆర్ కిట్ వేరు, అది ఆసుపత్రిలో కాన్పయ్యాక ఇచ్చేది.

పాత కిట్‌లో సబ్బు, కొత్త బ్లేడు, దారం, గాజు గుడ్డ, ప్లాస్టిక్ షీటు. షీటు పరిచి, చేతులు మోచేతుల దాకా కడిగి, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాక రెండుచోట్ల గట్టిగా కట్టి మధ్యలో కోయాలి. పేడ, బూడిద, పసుపు ఏదీ అద్దకూడదు. ముడి వదులైతే తాడు ఎండి సన్నబడ్డాక జారి రక్తం కారుతుంది. ప్యాకెట్ ముందే విప్పితే బ్లేడు మరో పనికి పోతుంది.

కిట్ ఉంటే ఆసుపత్రికి కదలరని అధికారుల వాదన. కానీ నేపాల్ 1994లో సుత్కేరీ సామగ్రి పేరుతో ఇలాంటి పురిటి కిట్‌నే తెచ్చింది, నాణెం మీద బొడ్డు కోసే అలవాటును మన్నించి అందులో ప్లాస్టిక్ బిళ్ల కూడా పెట్టింది. ఆ దేశమే 2009లో సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు ఉచితం చేసింది. రెండూ కలిసి నడుస్తాయి.

అడ్డం తిరిగిన కాన్పుకు కిట్ పనికిరాదన్నది నిజం. కాన్పు తర్వాతి రక్తస్రావానికి మాత్రం మిసోప్రోస్టాల్ అనే మాత్ర ఉంది. కర్ణాటకలోని బెళగావి పల్లెల్లో 1,620 మందిపై చేసిన పరీక్షలో, 2006లో వచ్చిన ఫలితాల ప్రకారం, అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4కు తగ్గింది. బిడ్డ పుట్టి, కడుపులో కవల లేదని చూసుకున్నాక, మాయ పడకముందే 200 మైక్రోగ్రాముల మాత్రలు మూడు మింగించాలి. నొప్పుల్లోనే వేస్తే గర్భసంచి చిరగొచ్చు. ఇంటి కాన్పులు ఎక్కువున్న చోట దీన్ని ముందే పంచాలని 2013లో కేంద్రమే మార్గదర్శకాలిచ్చింది.

సాలూరులో ఉన్నట్టు గర్భిణుల వసతి గృహాలు మంచివే. కానీ ఇంట్లో పసిపిల్లలను, పోడును వదిలి వారాల తరబడి అక్కడుండటం అందరివల్లా కాదు. కిట్ అడుగుతున్నది వాళ్ల కోసమే.