నల్లకోటు వేసుకున్న ఎమ్మెల్యే: అపోహలు, వాస్తవాలు

జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నవాడిగా, రాజకీయాల మీద మోజున్న జూనియర్ల దగ్గర, వాళ్ల క్లయింట్ల దగ్గర నేను తరచూ వినే మాటలివి.

అపోహ: ఎమ్మెల్యే అయితే ప్రాక్టీసు మానెయ్యాలి.
అక్కర్లేదు. పూర్తికాలం జీతానికి పనిచేసే ఉద్యోగి ప్రాక్టీసు చెయ్యకూడదని, లాయర్ల వృత్తికి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ 49వ నిబంధన. ఎమ్మెల్యేలకూ జీతభత్యాలున్నాయి కాబట్టి వాళ్లనీ ఆపాలని పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేస్తే, 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వాళ్లది ప్రభుత్వ ఉద్యోగం కాదంది.

అపోహ: పదవి వస్తే కేసులు వరసకడతాయి.
సలహాకి వచ్చేవాళ్లు పెరుగుతారు, అదీ ఫీజు ఇవ్వకుండా. సివిల్ దావాలో సాక్షి బోనెక్కే రోజున వకీలు నియోజకవర్గంలో పెళ్లి పందిట్లో ఉంటే జూనియర్ లేచి వాయిదా అడుగుతాడు. ఒకసారి ఇస్తారు, రెండోసారి ఖర్చులు కట్టమంటారు. మూడోసారికి క్లయింటే వచ్చి, "సార్, వకాల్తా మీద నో అబ్జెక్షన్ రాసివ్వండి" అంటాడు. ఆ సంతకంతో కేసు కట్ట వేరే లాయరు ఆఫీసుకి పోతుంది. ఎన్నికల ఏడాదిలో నేను ఎక్కువగా చూసేది ఇదే.

అపోహ: ఆయన నిలబడితే జడ్జిగారు కాదనరు.
కేసు నడిచేది కాగితాల మీద. పేరున్న నాయకుడు వస్తున్నాడంటే అవతలి లాయరు ఇంకాస్త గట్టిగా తయారై వస్తాడు, అంతే తేడా.

అపోహ: పార్టీలో తిరిగితే జీపీ (కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే గవర్నమెంట్ ప్లీడర్) పోస్టు, ఇక లైఫ్ సెటిల్.
ప్రభుత్వం మారితే ఆ పోస్టులో ఎన్నాళ్లుంటామో చెప్పలేం. రాష్ట్ర ప్రభుత్వానికి అందరికన్నా పెద్ద లాయరైన అడ్వకేట్ జనరల్‌ది కూడా అదే టెన్షన్. రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం హైకోర్టు జడ్జికి కావాల్సిన అర్హత ఉండాలి, పదవిలో కొనసాగేది గవర్నరు ఇష్టం ఉన్నంతవరకే.

అపోహ: వాదించడం వస్తే రాజకీయం వచ్చేసినట్టే.
ప్రకాశం పంతులుగారిని చూడండి. రాజమండ్రిలో ప్లీడరుగా పేరు తెచ్చుకుని మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. ఇంగ్లండులో బారిస్టరు చదివి మద్రాసు హైకోర్టులో బాగా సంపాదించారు. 1921లో ఆ ప్రాక్టీసంతా వదులుకున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది దాటగానే ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. అంతటి వాదనాపటిమ ఆ ఒక్క ఓటు తేలేకపోయింది. ముఖ్యమంత్రులైన బూర్గుల రామకృష్ణారావు, దామోదరం సంజీవయ్య కూడా లాయర్లే. వాళ్లకు కలిసొచ్చింది వాదన ఒక్కటే అని నేననుకోను. రోజూ పదిమంది గోడు వినే అలవాటు కూడా ఉండుంటుంది.

అపోహ: బోర్డు మీద పదవి రాసుకోవచ్చు.
బార్ కౌన్సిల్ 36వ నిబంధన చదవండి. బార్ కౌన్సిల్ సభ్యుడినని, మాజీ అడ్వకేట్ జనరల్‌నని కూడా రాసుకోకూడదు. బోర్డు కూడా ఓ మోస్తరు సైజులోనే ఉండాలి. మనవాళ్ల ఫ్లెక్సీలు మాత్రం కోర్టు గేటు దాకా ఉంటాయనుకోండి.